పెద్దతిమ్మప్ప దాచిన దరువు

పెద్దతిమ్మప్ప ఇంట్లో రెండు తాళాలున్నాయి. ఒకటి వీధి తలుపుకు, ఇంకొకటి డోలుకు. వీధి తలుపు తాళం ఆయన చాలాసార్లు మరిచిపోతాడు. డోలు తాళం మరిచిపోయిన రోజు లేదు. డోలును ఇనుప గొలుసుతో దూలానికి కట్టి, తాళం బిగించి, తాళంచెవిని మొలతాడుకు వేసుకుని తిరుగుతాడు.

బలసముద్రంలో ఇది చూసి నవ్వుకోనివాళ్లు తక్కువ.

"డోలు ఎవురెత్తుకుపోతారు మామా? దాన్ని మోసేకే ఇద్దురు కావల్ల," అంటుంది కోడలు శిల్పశ్రీ.

"ఎత్తుకుపోయేది డోలు కాదమ్మా," అంటాడాయన. అంతకుమించి చెప్పడు.

అనుమానం ఆయనకు గొర్రెల వెంట అబ్బింది. వాళ్లది కాపరుల ఇల్లు. బీట్లో పలకరించి బీడీకి నిప్పు అడిగినవాడే తెల్లారేసరికి గొర్రెపిల్లను చంకన పెట్టుకుని పోవచ్చు. అందుకని నిప్పు ఇచ్చేటప్పుడు కూడా వాడి చేతులనే చూడాలి. తర్వాత భూమి సోలార్ పార్కుకు లీజుకు పోయింది. మేతబీడు చుట్టూ కంచె పడింది. మందను అమ్మేశాడు. చూపు మాత్రం మారలేదు. కాయడానికి గొర్రెలు లేకపోయేసరికి, మిగిలినదాన్ని కాస్తూ కూర్చున్నాడు. మిగిలింది ఒక దరువు.

దాన్ని లేపుడు దరువు అంటారు. సేద్యపు పనులు లేని ఎండాకాలంలో ఊళ్లో మందలమ్మ పరస, అంటే జాతర, జరుగుతుంది. కోలాటం, చెక్కభజన, ఆఖరున నాటకం. కానీ ముందు అమ్మ పూజారి మీదికి రావాలి, వచ్చి ఆ ఏటి వాన సంగతి చెప్పాలి. అప్పటిదాకా కోలాటం కర్ర ఎవరూ పట్టరు. అమ్మను లేపేది ఆ దరువే. పరస బయలు దాటి దాన్ని ఎక్కడా కొట్టకూడదు. నేర్పడం కూడా డోలు మీద కాదు. నేర్చుకునేవాడు చొక్కా విప్పి వీపు ఇచ్చి కూర్చుంటాడు. నేర్పేవాడు వెనక కూర్చుని అరచేత్తో ఆ వీపు మీద వాయిస్తాడు. పెద్దతిమ్మప్పకు వాళ్ల నాయన అట్లాగే నేర్పాడు.

దరువు మధ్యలో ఒక ఖాళీ ఉంది. దెబ్బలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి ఉన్నట్టుండి ఆగిపోతాయి. ఒక ఊపిరి తీసుకునేంత సేపు ఏమీ ఉండదు. మళ్లీ రెండు దెబ్బలు. అమ్మ దిగేది ఆ సందులోనేనని నాయన చెప్పాడు. పరసలో తాళాలు, కొమ్ము, ఈలలు, కేకల మధ్య డోలు దెబ్బలు విడిగా ఎవరి చెవికీ అందవు. డోలుకు ఆనుకుని నిలబడే పూజారి శివన్నకు తప్ప ఆ ఖాళీ ఉందని ఊళ్లో ఎవరికీ తెలియదు.

పెద్దతిమ్మప్ప దాన్ని ఎవరికీ నేర్పలేదు. పక్కింటి గిరీశ్ అడిగితే వాడి నోట్లో మాట నిలవదని పంపించేశాడు. కొడుకు మధుకుమార్ అసలు అడగలేదు. అడగకపోవడం మీదే ఆయనకు ఎక్కువ అనుమానం.

ఎండలు ముదిరే వేళకు పావగడ నుంచి ఉషా అనే అమ్మాయి వచ్చింది. తాలూకాలోని ఊళ్ల ఆటపాటలను సెలవుల్లో ఒక వేదిక మీదికి తెచ్చే సంఘంలో ఆమె పని. ఆ వేసవి పండుగకు వాళ్లు కన్నడంలో 'బేసిగె హబ్బ' అని పేరు పెట్టుకున్నారు.

"తాతా, లేపుడు దరువు మీ దగ్గర్నే ఉండాదంట కదా. ఒగసారి కొడితే రికార్డు చేసుకుంటాం."

"చేసుకోని?"

"దాచిపెడతాం తాతా, పోకుండా."

"నేను చేస్తుండేదీ అదే కదమ్మా. ఒగదాన్ని ఇద్దురు దాచేదెందుకు?"

ఉషా నవ్వింది. "రేపు మీరు లేకపోతే?"

"యాడికి పోతాను? మడకశిర బస్సెక్కితేనే నాకు తల తిరుగుతాది." ఆయన చూపు మంచం మీద పెట్టిన ఆమె ఫోను మీద ఉంది. "అది వింటా ఉండాదా?"

"లేదు తాతా, ఆఫ్ అయింది."

"ఆఫ్ అయితే ఎర్రదీపం ఎందుకుండాది?"

"చార్జింగ్ అయిపోయినాది, అందుకు."

ఆయన ఫోనును బోర్లా తిప్పి, దాని మీద తువ్వాలు కప్పాడు. ఆమె మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నాడు. కాదంటే ఈ పిల్ల ఊరుకోదు. పరస రోజు జనంలో కలిసిపోయి వస్తుంది. శివన్న పక్కనే నిలబడుతుంది. అప్పుడు అసలుదే ఫోనులోకి పోతుంది. దొంగ మంద చుట్టూ తిరుగుతుంటే వాడికొక ముసలి గొర్రెను చూపించి పంపేయడం మేలు. మర్నాడే కబురు పెట్టాడు, వస్తానని.

పావగడలో కొండ కింద మైదానంలో వేదిక కట్టారు. సాయంత్రానికి జనం నిండారు. బడిపిల్లల డాన్సులు అయ్యాయి. నాగలమడిక ఆడవాళ్ల కోలాటం అయింది. పెద్దతిమ్మప్ప డోలు తగిలించుకుని మైకు ముందు నిలబడ్డాడు. దరువు ఎత్తుకున్నాడు. ఖాళీ వచ్చేచోట ఆగలేదు. గబగబా మూడు దెబ్బలు వేసి దాన్ని పూడ్చేశాడు. అంతే తేడా. జనం ఈలలు వేశారు. మళ్లీ కొట్టమన్నారు. మళ్లీ పూడ్చాడు. ఇది ఎన్నో తరాల నాటి విద్య అని ఒకాయన మైకులో కన్నడంలో చెబుతుంటే, పెద్దతిమ్మప్ప తల వంచుకుని కూర్చున్నాడు. అణకువ అనుకున్నారు. ఆయన నవ్వు ఆపుకుంటున్నాడు. బస్సులో వచ్చేటప్పుడు తల కూడా తిరగలేదు.

ఆ వీడియో ఆయన కంటే ముందే ఊరు చేరింది. ఊళ్లో మగవాళ్లు చాలామంది సోలార్ ప్లాంటులో కూలికి పోతారు. మధుకుమార్‌ది ప్యానెళ్లు కడిగే పని. ఎండ ఎక్కకముందే కడిగేసి, తర్వాత ప్యానెళ్ల నీడలో కూర్చుంటారు. ఒకరోజు కంచె పక్కగా నడిచిపోతున్న పెద్దతిమ్మప్పకు లోపల నుంచి తన దరువు వినిపించింది. ఖాళీ నీళ్ల క్యాన్ల మీద నలుగురైదుగురు కలిసి వాయిస్తున్నారు. పూడ్చిన మూడు దెబ్బలు కూడా తప్పకుండా పడుతున్నాయి. కొడుకు క్యాను అందరికంటే గట్టిగా మోగుతోంది. ఆయన కంచె పట్టుకుని కాసేపు విన్నాడు. కొడుకు చేయి మంచిదే. ఆ మాట పైకి అనకుండా ఇంటికి వచ్చేశాడు.

పరసకు కొన్నాళ్ల ముందు నాగలమడిక దగ్గర, పినాకిని ఏటి ఇసుకలో గిరీశ్ బండి జారింది. వెనక కూర్చున్న పెద్దతిమ్మప్ప కుడి మణికట్టు విరిగింది. పావగడలో కట్టు కట్టించుకుని వచ్చాక శిల్పశ్రీని పక్కకు పిలిచాడు.

"గిరీశ్‌కు ఒగ గీత గూడా పడలేదు, చూసినావా?"

"వాడు హ్యాండిల్ పట్టుకోనున్నాడు మామా, మీరు గాలిలో చేయి తిప్పుతా ఉండారంట."

"వాడే చెప్పినాడా? అట్లనే చెప్తాడు."

ఎవరి తప్పయినా, ఈ ఏడు ఆయన డోలు కొట్టలేడు. మధుకుమార్ కొట్టాలని ఊరు అనేసింది. ఆ రాత్రి అన్నం దగ్గర కొడుకు అడిగాడు.

"నువ్వు స్టేజీ మీద కొట్టిందే కదా నాయనా అసలుది?"

"కాదని ఎవురన్నారు?"

"ఎవురూ అనలేదు. నువ్వు ఊరికే ఇస్తావా అని నాకే అనిపించినాది."

పెద్దతిమ్మప్ప ముద్ద మింగి కొడుకు మొహం చూశాడు. ఎవరు చెప్పి ఉంటారు? శివన్నా? లేక తెలియకుండానే గుచ్చి చూస్తున్నాడా? ఇప్పుడు చెప్పకపోతే పరసలో దొంగ దరువు మోగుతుంది, అమ్మ రాదు. చెబితే, ప్యానెళ్ల నీడలో రేపే క్యాన్ల మీద మోగుతుంది. విరిగిన చేయి మళ్లీ దారికి వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పలేదు. నేర్పకుండా ఉండిపోతే దరువు తనతోనే పోతుంది. ఇది ఆయనకు తెలుసు. తెలిసినా పరస రోజు దాకా నాన్చాడు.

ఆ పొద్దున కొడుకును దొడ్డిలోకి పిలిచాడు. గొర్రెలు లేని దొడ్డి అది. మధుకుమార్ చెప్పకుండానే చొక్కా విప్పి, వీపు ఇచ్చి కూర్చున్నాడు.

"చొక్కాలో ఫోను ఉండాది. అవతల పెట్టు."

పెట్టాడు.

"రెండోది?"

"రెండోది యాడిది నాయనా? ఊరు సుట్టూ కరెంటే. ఇంట్లో మాత్రం ఒగదానికి చార్జింగ్ పెట్టుకునేకి గూడా ఉండదు."

పెద్దతిమ్మప్ప ఎడమ అరచేతిని కొడుకు వీపు మీద ఆనించాడు. మొదలుపెట్టాడు. దెబ్బలు తోసుకుంటూ వచ్చాయి. ఖాళీకి ఇంకా కొన్ని దెబ్బలే ఉన్నాయనగా తలుపు దగ్గర నీడ కదిలింది. శిల్పశ్రీ. ఒక చేతిలో కాఫీ లోటా, ఇంకో చేతిలో ఫోను.

"అట్లెందుకు పట్టుకున్నావమ్మా ఫోను?"

"మా అమ్మ చేసినాది మామా. పరసకు బయలుదేరినారంట."

"మీ అమ్మతో మాట్లాడేదైతే చెవి దగ్గర పెట్టుకోవల్ల కదా."

"పెట్టుకోనుంటి. ఇప్పుడే దించితి," అంది శిల్పశ్రీ. కోపంతో లోటా గోడ మీద పెట్టి లోపలికి పోయింది.

ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు. "పోరా. నీకు వచ్చిందే కొట్టు."

"నాకు వచ్చింది చాలునా?"

"పావగడలో అంతమంది ఈలలు ఏసినారు. చాలదా?"

మధుకుమార్ చొక్కా తొడుక్కుని, డోలు తాళంచెవి కోసం చేయి చాపాడు. ఇచ్చాడు. ఇస్తూ పెద్దతిమ్మప్ప ఒక లెక్క వేసుకున్నాడు. అమ్మ రాదు. పూజారి అట్లాగే నిలబడతాడు. అప్పుడు ఊరంతా తన దగ్గరికి వస్తుంది. ఎడమ చేత్తోనైనా కొట్టమని అడుగుతుంది. దరువు దాచినవాడి విలువ ఆ రోజు తెలుస్తుంది.

ఎండ వాలాక పరస బయల్లో జనం గుండ్రంగా నిలబడ్డారు. పెద్దతిమ్మప్ప కట్టు చేయి ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కుర్చీలో కూర్చున్నాడు. శివన్న పసుపు పూసుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. మధుకుమార్ డోలు మీద మొదటి దెబ్బ వేశాడు. తాళాలు అందుకున్నాయి. దెబ్బలు తోసుకుంటూ వచ్చాయి. ఖాళీ ఉండాల్సిన చోట మూడు దెబ్బలు పడ్డాయి.

శివన్న వణికాడు.

ఒక్కసారి కాదు, కాళ్ల నుంచి తల దాకా. మామూలుగా దరువు చాలాసార్లు తిరిగాక గానీ రాని అమ్మ, ఈసారి మొదట్లోనే వచ్చేసింది. ఆడవాళ్లు కేక పెట్టారు. టెంకాయలు పగిలాయి. ముందర వాన తక్కువ, వెనక వాన ఉంటుందని అమ్మ చెప్పింది. ఏటా చెప్పేదీ అదే. కోలాటం కర్రలు లేచాయి. పెద్దతిమ్మప్ప కుర్చీలోంచి లేవలేదు. ఆయన శివన్న కనురెప్పలనే చూస్తున్నాడు, తెరిచి చూస్తాడేమోనని.

మర్నాడు పెద్దతిమ్మప్ప శివన్న ఇంటి అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. శివన్న మజ్జిగ తాగుతున్నాడు.

"నిన్న నిజంగా వచ్చినాదా శివన్నా?"

"అదేం మాటప్పా? వచ్చినాది కాబట్టే కదా ఒళ్లంతా పచ్చిపుండు మాదిరి ఉండాది."

"దరువులో తేడా తెలియలేదా?"

"ఎందుకు తెలీదు? మీవాడు బాగా కొట్టినాడు. నువ్వు నడుమ ఆపుతావు చూడు, ఆడ ప్రతి ఏడూ నాకు గుండె జారిపోతుండె. వీడు మర్చిపోయినాడా ఏంది, జనమంతా చూస్తాండారే అని. ఈ ఏడు ఆ భయం లేదు. సుఖంగా వచ్చె."

"ఇన్నేండ్లలో ఒగసారి గూడా చెప్పలేదే నాకు?"

"నీతో దరువు మాటెత్తితే గొర్రెల దొంగను చూసినట్ల చూస్తావు. ఎవురు చెప్తారప్పా?"

పెద్దతిమ్మప్ప మజ్జిగ వద్దని లేచాడు. దారిపొడుగునా మొదట శివన్నను అనుమానించాడు. ఇన్నేళ్లూ వాడిది నటనేనేమో. తర్వాత, భయం భయంగా, అమ్మను అనుమానించాడు. ఆమెకు ఏ దరువైనా ఒకటేనేమో. ఇంటి మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ ఆలోచన ఇంకొక చోటికి పోయి ఆగింది. నాయన. నాయన కూడా కాపరే. తాను బతికుండగా పెద్దతిమ్మప్పను పరసలో డోలు ముట్టనివ్వలేదు. ముసలి గొర్రెను చూపించి మందను కాపాడుకోవడం ఆయనకు మాత్రం తెలియదా? ఆనాడు తన వీపు మీద నాయన ఆపిన చోట నిజంగా ఖాళీ ఉందా? లేక చెప్పదలుచుకోని దెబ్బలున్నాయా? అడుగుదామంటే నాయన లేడు.

ఇంట్లో మధుకుమార్ పనికి పోవడానికి చొక్కా తొడుక్కుంటున్నాడు.

"ఇప్పుతావా దాన్ని?" అన్నాడు పెద్దతిమ్మప్ప.

"ఎందుకు నాయనా?"

"కూర్చో."

ఫోను ఎక్కడుందని అడగలేదు. తలుపు మూయలేదు. శిల్పశ్రీ అంట్లు తోముతూ చూస్తూనే ఉంది. ఎడమ చేయి కొడుకు వీపు మీద పడింది. దెబ్బలు వచ్చాయి, తోసుకున్నాయి, ఆగాయి. చేయి అట్లాగే ఆనించి పెట్టి, పెద్దతిమ్మప్ప మెడ ముందుకు చాచి చూశాడు. అరచేతి కింద కొడుకు వీపు నెమ్మదిగా పైకి లేచింది. నిండా ఊపిరి తీసుకున్నాడు. తర్వాత రెండు దెబ్బలు పడ్డాయి.

"ఇదేంది నాయనా, నడుమ ఆపినావు? ఇది స్టేజీ మీద లేదే?"

"అది వదిలిపెట్టు. నడుమ ఊపిరి పీల్చినావే, కావాలని పీల్చినావా, అదే వచ్చినాదా?"

"నాకేం తెలుసు? ఊపిరి కదా, వచ్చినాది."

పెద్దతిమ్మప్ప చాలాసేపు ఆ వీపును చూశాడు. అబద్ధం చెప్పే వీపులాగా లేదు. అయినా చేయి తీయలేదు.

"ఇంగోసారి," అన్నాడు. "ఈసారి నేను చూస్తాండానని అనుకోవద్దు."