మొన రాయి కోసం తవ్విన గొయ్యి

ఓర్ఫాకు లోకంలో ఇద్దరే శత్రువులు. ఒకటి మోకాళ్ల నొప్పులు, రెండు ఆడపడుచు వెల్డా. నొప్పులు ఎండాకాలం సెలవు తీసుకునేవి. వెల్డా తీసుకునేది కాదు.

తూర్పు టెన్నెస్సీ కొండల్లోని ఆ ఊళ్లో, అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన దక్షిణాది సైనికుల వారసురాళ్ల సంఘానికి వెల్డాయే అధ్యక్షురాలు. మీటింగులు ఆవిడ ముందు గదిలోనే. ప్రతి మీటింగుకూ ఓర్ఫా చేసిన కేకు వెళ్లేది, ఓర్ఫా వెళ్లేది కాదు.

"మీ తాత మన వైపు పోరాడాడని రుజువేది వదినా? అందాకా నీకు వంటింటి గుమ్మమే" అనేది వెల్డా, ఆ కేకే నములుతూ.

ఆ ముందు గదిలో ఒక్కసారి కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు, మర్నాడు చచ్చిపోయినా ఫర్వాలేదనుకుంది ఓర్ఫా. మూడేళ్లు తాత ఆజ్‌బరీ కాగిల్ వెంట పడింది. పళ్లూడిన ముసలాళ్లందరినీ పట్టుకుని అడిగింది. ఒకడు ఆయన ఒంటిచేత్తో ఫిరంగి ఎత్తాడన్నాడు, ఇంకొకడు జనరల్‌నే చెంపదెబ్బ కొట్టాడన్నాడు. రాజధానిలోని సైనిక రికార్డుల ఆఫీసుకు రాస్తే దక్షిణాది పదాతి దళాల్లో ఆ పేరు గలవాళ్లు నలుగురున్నారని జవాబొచ్చింది. ఓర్ఫా పెళ్లికొడుకును ఎంచినట్టు ఎంచి, తుంటికి తూటా తగిలినవాణ్ణి ఖాయం చేసుకుంది. తాత కుంటేవాడు కదా! కంచర గాడిద తన్నితే కుంటివాడయ్యాడని ఊరంతా అనేది. ఓర్ఫా ఆ మాటకు చెవులు మూసుకుంది.

తాత సమాధికి రాయి లేదు. మొన రాయి చెక్కించింది. ఆ జిల్లాలో అక్షరం రానివాడు కూడా సమాధి రాళ్లు చదవగలడు. తల మొన తేలితే దక్షిణాది సైనికుడు. గుండ్రంగా ఉండి, నడుమ డాలు ఆకారం చెక్కి ఉంటే ఉత్తరాది వాడు. ఉత్తరాదివాడొచ్చి పైన కూర్చోకూడదనే మొన పెట్టారని దక్షిణాదివాళ్ల వేళాకోళం.

మే నెలలో సమాధులు అలంకరించే ఆదివారం వచ్చింది. గడ్డి చెక్కి, మట్టి కుప్ప పోసి, మైనంలో ముంచిన కాగితం పూలు పెట్టారు. ఓక్ చెట్ల కింద బల్లల మీద వేయించిన కోడి ఘుమఘుమలాడుతోంది. రాయి నిలబెట్టడానికి కాటికాపరి హోబర్ట్ పార వేశాడు.

ఖంగుమంది.

"బండ తగిలినట్టుందత్తా."

బండ కాదు. బోర్లా పడుకోబెట్టిన రాయి. పైకి తీసి నిలబెడితే గుండ్రటి తల, నడుమ డాలు, అందులో ఆజ్‌బరీ కాగిల్, ఉత్తరాది పదాతి దళం. కోడి కాలు నోట్లో పెట్టుకున్నవాడు అలాగే ఉండిపోయాడు.

హోబర్ట్ బుర్ర గోక్కున్నాడు. "మా నాన్న చెప్తే అబద్ధమనుకున్నా. జనం దీని మీద పేడ కొడుతుంటే మీ నాయనమ్మే ఆయన చేత పూడ్పించిందంట."

వెల్డా నవ్వు చర్చి గంటకన్నా పెద్దగా మోగింది. "మూడేళ్లు వెతికి లింకన్ సిపాయిని తవ్వి తీశావా వదినా! మా అన్నయ్య బతికుంటే ఉరేసుకునేవాడు!"

"మీ అన్నయ్యకి నీ గొంతు చాల్లే, ఉరెందుకు?"

వెల్డా దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "దాన్ని మళ్లీ పూడ్పించు. ఎవరి రాయో పొరపాటున పడిందని నేను సర్దిచెప్తా. నా మాట ఈ ఊళ్లో ఎవరు కాదంటారు? వచ్చే మీటింగులో నా పక్కనే కుర్చీ. కాకపోతే నేను చేసిన మేలు మర్చిపోకూడదు మరి."

ఓర్ఫాకు ఆ గది కళ్లముందు కదిలింది. పింగాణీ కప్పులు, మెత్తటి కుర్చీ. ఆ కుర్చీ పక్కన వెల్డా. రోజూ ఆ మేలు గుర్తు చేసే వెల్డా, చచ్చాక శవపేటిక మీద వంగి కూడా గుర్తు చేసే వెల్డా. తాత ఏ జెండా మోశాడన్నది ఓర్ఫాకు ఒక్కసారిగా పట్టకుండా పోయింది.

"హోబర్ట్! గుండ్రాయే నిలబెట్టు. డాలు రోడ్డు వైపుండాలి, బస్సులో పోయేవాడికి కూడా కనిపించాలి."

"వదినా! ఇక నా గడప తొక్కితే ఒట్టు!"

"తొక్కనమ్మా. మా తాత నీలాంటోళ్ల మీద తుపాకీ పేల్చాడు. ఆయనకి గురి లేకపోవడమే మా వంశానికి మచ్చ."

సంఘం ఆడవాళ్లంతా గిన్నెలు సర్దుకుని కార్ల వైపు నడిచారు. హోబర్ట్ మొన రాయి వైపు చూపించాడు.

"మరి దీన్నేం చెయ్యనత్తా?"

"దాని వెనక వైపు ఖాళీయే కదరా, ఇంకో పేరు పడుతుంది. వెల్డా ఇంటి ముందు దింపిరా, త్వరలోనే పనికొస్తుంది."

వెల్డా కారు తలుపు వేసిన చప్పుడుకు లోయ అవతలి ఊరి కుక్కలు కూడా మొరిగాయి.