వెనక ఫ్యాను తిప్పి బిగించిన రోజు

అది రెండువేల నాలుగు ఎండాకాలం. డిగ్రీ అవ్వగానే తాడేపల్లిగూడెంలో కరీం గారి డీటీపీ సెంటర్లో టైపింగ్ పనికి చేరాను. పెళ్ళికార్డు సగం కొట్టేసరికి కంప్యూటరు వేడెక్కి ఆగిపోయేది. సేవ్ చెయ్యనిదంతా పోయేది. కరీం గారు సీపీయూ వెనక కొత్త ఫ్యాను స్వయంగా బిగించారు. “మనిషికైనా మెషిన్‌కైనా గాలి తగలాలి కదమ్మా” అన్నారు. అయినా ఆగుతూనే ఉంది.

ఓ మధ్యాహ్నం ఆయన నమాజుకి వెళ్ళారు. సాయంత్రానికి ఒక కార్డు ఇచ్చి తీరాలి. సీపీయూ వెనక చెయ్యి పెట్టి చూశాను. వేడిగాలి బయటికి రావడమే లేదు. ముందు ఫ్యానూ, వెనక ఫ్యానూ రెండూ లోపలికే ఊదుతున్నాయి! మా నాన్న గుర్తొచ్చారు. కళ్ళంలో ఆయన గాలికి వీపు పెట్టి ధాన్యం తూర్పారబడతారు. ఎదురుగాలి కూడా వీస్తే ఇక పొట్టు పోయేదెక్కడికి?

స్విచ్చి కట్టేసి, స్క్రూలు విప్పి, వెనక ఫ్యాను తిప్పి బిగించాను. ఆన్ చేసేసరికి కరీం గారు వచ్చి సరిగ్గా దాని వెనకే నిలబడ్డారు. లోపలి దుమ్మంతా ఆయన తెల్ల లాల్చీ మీద పడింది.

“ఏంటమ్మా ఇది!”

ఉద్యోగం ఊడిందనుకున్నాను. “ముందు కార్డు పూర్తి చెయ్యి” అన్నారాయన.

సాయంత్రం దాకా కంప్యూటరు ఒక్కసారీ ఆగలేదు. కార్డు అందుకుంటూ కరీం గారు అడిగారు.

“ఎవరమ్మా నీకీ ఫ్యాను తిప్పడం నేర్పింది?”

“మా నాన్నండి.”

“ఆయన మెకానిక్కా?”

“కాదండీ. గుండుగొలనులో వ్యవసాయ కూలీ.”

అంతవరకూ ఎవరడిగినా ఆ మాట మెల్లగా చెప్పేదాన్ని. ఆ రోజు షాపులో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా చెప్పాను.