బ్యాటరీ ఎత్తున జాలీ అర

1971 వానాకాలం చివర నన్ను గోదావరిఖనిలో కార్మికుల క్వార్టర్ల మరమ్మతులకు సివిల్ ఓవర్సీర్‌గా వేశారు. అసిస్టెంట్ ఇంజనీరు కింద, మేస్త్రీల పైన ఉండే ఉద్యోగం. ఒక కుటుంబం ఖాళీ చేసిన ఇంటిని మరొకరికి అప్పగించేలోపు కప్పు, తలుపులు, అల్మారా సరిచేయించడం నా పని.

అల్మారా అంటే గోడలో వదిలిన గూడు. చెక్క అరలు వేస్తే చెదలు తినేవి. అందుకని బొగ్గు జల్లెడ పట్టే చోట అరిగిపోయి పక్కన పడేసిన ఇనుప జాలీని తెచ్చి, యాంగిల్ ఇనుప చట్రానికి వెల్డింగు చేసి బిగించేవాళ్లం. జాలీ అర మీద బొగ్గు దుమ్ము నిలవదు. ముసురు రోజుల్లో బట్టలకు గాలి తగులుతుంది. ఈ పని ఖాజా అనే వెల్డర్ చేసేవాడు.

ఆ ఇళ్లలో ఒకటి మల్లయ్యకు వచ్చింది. ఆయన బాయిలో, అంటే భూగర్భ గనిలో, నీళ్లు తోడే పంపు దగ్గర పనిచేసే ఖలాసీ. భార్య పోయాక కూతురు లక్ష్మిని ఏటి అవతల తన అత్త, అంటే పిల్ల అమ్మమ్మ దగ్గర వదిలాడు. మొదట్లో వెళ్లి చూసి వచ్చేవాడు. ఆయన వెనుదిరిగిన ప్రతిసారీ పిల్ల అన్నం మానేసేదట. "అచ్చి పోవుడు బందు వెట్టు. ఇల్లు దొరికినంక ఒక్కపారే తీస్కపో" అని అత్త చెప్పింది. ఇళ్లు సీనియారిటీ ప్రకారం ఇచ్చేవారు. ఆయన వంతు వచ్చేసరికి మూడేళ్లు గడిచాయి. ఈలోగా బిడ్డ బాగున్నదన్న కబురు తప్ప ఆయనకు మరేమీ లేదు.

ఖాజా సుద్దముక్కతో గోడ మీద ఎత్తులు గీస్తుంటే మల్లయ్య అడ్డుపడి, ట్రంకు పెట్టెల మీదుగా ఛాతీ ఎత్తున వేసే కింది అరను ఇంకా దించమన్నాడు. ఎంతకని అడిగితే అరచేతిని నడుం దగ్గర ఆనించి చూపాడు. బాయిలోకి దిగేవాళ్లు తలదీపం బ్యాటరీని బెల్టుకు కట్టుకునే చోటు అది.

"బిడ్డ నా బ్యాటరీ కాడికి అస్తది సార్. దాని బట్టలు అదే తీస్కోవాలె."

"గంత కిందనా? మల్లన్నా, అర బిడ్డకా, కోడిపిల్లలకా?" అన్నాడు ఖాజా.

"నీకేం ఎరుక భాయి. డబ్బా మీద ఎక్కితె పడ్తది. నేను డ్యూటీల ఉంటె లేపేటోళ్లు ఎవ్వలు?"

ఖాజా నవ్వు ఆపి నావైపు చూశాడు. అన్ని ఇళ్లకూ ఒకే కొలత అన్నది మా పద్ధతి. ఒక్క అరకు పైవాళ్ల అనుమతి అక్కర్లేదనుకుని సరే అన్నాను. గోడకు బెజ్జాలు తొలిచి, కొయ్య బిరడాలు కొట్టి, చట్రాన్ని రసమట్టంతో సరిచూసి బిగించాం. తీగల కొసలకు బట్టలు చిరుగుతాయని మల్లయ్య పాత సైకిల్ ట్యూబును చీల్చి అంచంతా తొడిగాడు. తర్వాత అల్మారా ముందు బిడ్డంత ఎత్తున గొంతుకూర్చుని చేయి చాచి చూసుకున్నాడు. "అందుతది" అన్నాడు, ఎవరితోనూ కాదు.

దసరా పోయాక ఒక పొద్దున తలుపు గడియ బిగించడానికి నేనూ ఖాజా ఆ ఇంట్లో ఉండగా అత్త పిల్లను తీసుకొని వచ్చింది. మల్లయ్య గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. పిల్ల తల నిమరబోయి నడుం ఎత్తున చేయి చాచాడు. అది పోయి ఆమె భుజానికి తగిలింది. ఇప్పుడు పిల్ల తల ఆయన ఛాతీ దాకా ఉంది. చేతిని కాసేపు అక్కడే ఉంచి, తర్వాత పైకి తీసుకెళ్లాడు.

లక్ష్మి లోపలికి పోయి అల్మారా చూసింది.

"నాయినా, గీ కింది అర ఎవ్వలిది?"

"నీదే బిడ్డ."

"గింత కిందనా?"

మల్లయ్య తన నడుం వైపు చూసుకున్నాడు. "మీ నాయిన కొలత పాతది పడ్డది. రేపు లేపుత తియ్యి" అని ఖాజా అందుకున్నాడు.

లక్ష్మి తండ్రి వైపు తిరిగింది. "మల్ల పోతవా?"

"డ్యూటీకి పోత. దిగంగనే ఇంటికే అస్త."

పిల్ల గొంతుకూర్చుని మూట విప్పింది. తర్వాత లేచి తన బట్టలు ఆ అరలోనే సర్దుకుంది. ఆ పూట తాను డ్యూటీకి వెళ్లినా బిడ్డ అన్నం తిన్నదని మర్నాడు మల్లయ్య మాకు చెప్పాడు. అర పైకి జరపడానికి ఖాజా వెళితే మల్లయ్య ఒప్పుకోలేదు. "కొత్తది మీద పెట్టు భాయి. గిది ఉండనియ్యి" అన్నాడట.

అరను వచ్చి ఉండబోయే మనిషికి కొలవాలి. జ్ఞాపకంలో ఉన్న మనిషికి కొలిస్తే తక్కువ పడుతుంది. ఆ తర్వాత నేను వేయించిన ప్రతి అల్మారాలోనూ అరను జరుపుకునేందుకు పైన ఒక జత బెజ్జాలు అదనంగా తొలిపించాను.