గాలికి పూచీ పడిన యతీశ్

కెలమంగలం చుట్టుపక్కల యతీశ్ కొయ్యని కోత లేదు. తొమ్మిదో క్లాసులో బడి మానేసింది తన తెలివికి బడి చాలకనే అంటాడు. సూళగిరిలో ఒక కంపెనీలో చేరి నెల తిరక్కుండానే బయటికొచ్చినాడు. పంపించేటప్పుడు సూపర్‌వైజరు "నువ్వు మహా ఎర్రాటిక్ అయ్యా" అన్నాడంట. ఆ మాటను మెడలో మెడల్ మాదిరి ఏసుకోని ఊరంతా తిరిగినాడు.

"ఎప్పుడేం చేస్తాడో దేవుడికీ తెలీనోణ్ణి అట్లంటారు. పొగడ్త కాదు" అనింది పన్నెండు చదివిన పెండ్లాం రేణు.

"పులిని గూడా అట్లే అంటార్లే!"

ఆ పొద్దు నుంచి ఆ మాట రేణుకి ఊతపదమైపోయింది. కరెంటు ఎర్రాటిక్, బస్సు ఎర్రాటిక్, మొగుడు డబుల్ ఎర్రాటిక్.

అట్లాంటోణ్ణి ఒకచోట కట్టిపడేసింది పట్టుపురుగులే. చివరిసారి పొర విడిచినాక అవి మల్బరీ మేస్తా ఉంటే షెడ్డులో వాన పడినట్టే చప్పుడు. తన పురుగుల చప్పుడికి హోసూరులో జనం గొడుగులు తెరిచినారని యతీశ్ చెప్పేవాడు. కానీ పోయిన రెండు మేపుల్లో పురుగులన్నీ రోగంతో పోయినాయి. "ఈ మూడోది గూడా పోతే షెడ్డుకి తాళమేసి నేను కంపెనీ బస్సెక్కుతా" అని రేణు తేల్చేసింది.

ఆ ఉదయం పక్క తోట లోకనాథ్ మందు డబ్బా వీపున తగిలించుకోని గట్టు మీదికొచ్చినాడు. రోజా మొగ్గలకి పురుగు పట్టింది. ఆ మందు ఆకు మీద పడితే పట్టుపురుగులు చస్తాయని, కొట్టేముందు మల్బరీ ఉన్నోళ్లని అడగడం ఆ పక్క పద్ధతి.

"గాలి ఎట్లుందప్పా? కొట్టొచ్చా?"

యతీశ్ పిడికెడు మన్ను తీసి ఎగరేసినాడు. "చూడన్నా, తూరుపుకే పోతా ఉంది. నీ తోట మీదికే. కొట్టుకో."

"ఈ వారమంతా గాలి ఎర్రాటిక్‌గా ఉందన్నా, రేపు చూద్దాం" అనింది రేణు.

"ఎర్రాటిక్‌కే ఎర్రాటిక్ నేను. నన్నడక్కుండా తిరుగుతాదా అది?"

లోకనాథ్ నవ్వి, పంపు పట్టినాడు. సగం తోట కాకముందే గాలి తిరగబడింది. తెల్లటి తుంపర గట్టు దాటి మల్బరీ మీద వాలింది. "అయ్యో అప్పా!" అని లోకనాథ్ కేకేసేటప్పటికి యతీశ్ గోళ్లలో ఇంకా ఆ మన్నే ఉంది.

ఏ సాలు దాకా పడిందో కంటికి ఆనదు. మూడు చోట్ల ఆకు కోసి, మూడు చాటల్లో కొన్ని పురుగులకి వేసి చూడాల. అంతదాకా మిగతావాటికి పస్తే. షెడ్డులో వాన ఆగిపోయింది. ఆకలికి పురుగులన్నీ తలలెత్తి ఊపతా ఉండాయి.

"మందు తగిలినా ఇట్లే ఊపతాయి గదా రేణూ. ఏది ఆకలో, ఏది చావో ఎట్లా తెలిసేది?"

"ఆకలిదైతే ఆకు చూపిస్తే దాని వెంబడే తల తిప్పుతాది. మందుదైతే ఎటు తిప్పుతాదో దానికే తెలీదు. ఎర్రాటిక్ అంటే అదీ." ఈసారి రేణు గొంతులో ఎగతాళి లేదు.

గట్టు పక్క ఆకు తిన్న పురుగు తల విసిరి, పచ్చటి నీళ్లు కక్కి, ఒరిగిపోయింది. నడిమి చాటలోనూ అంతే. అవతలి గట్టు ఆకున్న చాటలో మాత్రం కరకరా మేస్తానే ఉండాయి. మధ్యాహ్నం దాకా యతీశ్ దాని ముందు గొంతుక్కూర్చోని బీడీ గూడా ముట్టుకోలేదు. ఊర్లో ఆకు అడగను పోయిన లోకనాథ్ ఉత్త చేతుల్తో వచ్చినాడు. అందరి పురుగులూ అదే ఆకలి మీద ఉండాయి, ఎవురి ఆకు వాళ్లకే చాలదు.

అవతలి సాళ్ల ఆకు సగం పురుగులకే సరి.

"ఏ పక్క వేద్దాం?" అనింది రేణు.

యతీశ్ ఆకు గంపను ఆమె ముందుకి జరిపినాడు. రేణునే వాకిలి పక్క పరిచింది. ఆ పక్క వాన మొదలైంది. లోపలి పక్క ఎత్తిన తలలు ఎత్తినట్టే ఉండాయి.

లోకనాథ్ వాకిట్లోనే నిలబడి, తల దించుకోని అడిగినాడు. "మిగతా సగం కొట్టకుంటే నా మొగ్గలన్నీ పోతాయప్పా. రేపు గాలి ఎట్లుంటాది?"

"నాకు తెల్దన్నా" అని, యతీశ్ లోపలి పక్కకి పోయి కూర్చున్నాడు.