ఎదురు రాకూడదని పోయి ఇరుక్కున్నాను

నవ్వకుండా వినండి అని నేను అడగను. ఊరు ఊరంతా నవ్వింది, ఇక మీ వంతు. నాలుగేళ్ల కిందట భద్రాచలంలో పాటల పండగకు పోయి, సరిగ్గా స్టేజి ఎక్కాల్సిన వేళకు ఎవరిదో గది బాల్కనీలో బందీగా నిలబడిన మహాతల్లిని నేనే. ఎవరూ తోయలేదు, ఎవరూ కుట్ర చేయలేదు. నా కాళ్లతో నేనే నడిచిపోయి ఇరుక్కున్నాను. నాకు సంతకానికి మించి చదువు లేదు కాబట్టి నేను చెప్తుంటే మా కోటమ్మ కోడలు రాస్తోంది. ఇంకా మొదలే కాలేదు, అప్పుడే రెండుసార్లు కలం పక్కన పెట్టి నవ్వింది.

ముందు నా రోగం ఏమిటో చెప్పాలి. మా ఆయన పోయిన కొత్తలో ఒకరోజు పొద్దున్నే బిందెతో వస్తూ మా వీధిలో ఒకాయనకు ఎదురుపడ్డాను. ఆయన బండి దిగాడు. చెప్పులు విడిచాడు. ఇంట్లోకి పోయి గ్లాసెడు నీళ్లు తాగి, కాసేపు కూచుని, మళ్లీ బయల్దేరాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, తిరిగి నాలుగు అనేదాన్ని. అనకపోయేసరికి ఆ గ్లాసెడు నీళ్లు నా తలలోనే నిలవ ఉండిపోయాయి.

ఆ రోజు నుంచి ఎవరు ఏ పనికి బయల్దేరినా నేను మాయం. గోడ చాటు, గడ్డివాము చాటు, ఏదీ లేకపోతే బర్రె చాటు. పదకొండేళ్లు గడిచాయి. ఆ పెద్దమనిషే మరిచిపోయి "ఏం సైదమ్మా, బాగున్నవా?" అని ఎదురొచ్చి పలకరించేవాడు. నేనే పరిగెత్తేదాన్ని. దొంగ కూడా పోలీసును చూసి అంత చురుగ్గా దాక్కోడు.

ఇక పాట సంగతి. పెనుబల్లి పక్కన మా ఊళ్లో నాట్లకు పోయేటప్పుడు పాట ఎత్తేది నేను. నా గొంతు తియ్యనిది కాదండీ. రేకుల షెడ్డు మీద కంకర పోసినట్టు ఉంటుంది. కానీ ఈ గట్టు మీద ఎత్తితే నాలుగో మడిలో ఉన్న కోటమ్మకూ మస్తాన్‌బీకీ వినబడుతుంది. వాళ్లక్కడ అందుకుంటారు. ఎవరో ఫోన్‌లో అది తీసి ఎక్కడో పెట్టారు. అది చూసిన పండగ వాళ్లు మా ముగ్గురినీ రమ్మన్నారు. ఉండటానికి హోటలు, పాడటానికి స్టేజి, ఇంతా చేసి మాకిచ్చిన సమయం పది నిమిషాలు. కోటమ్మ ఆ పది నిమిషాల గురించి నెల రోజులు ఊళ్లో డప్పు కొట్టింది. ఊరంతా వీడియో కాల్‌లో చూడాలని హుకుం కూడా జారీ చేసింది.

బయల్దేరిన రోజే నా రోగం బయటపడింది. మస్తాన్‌బీ తమ్ముడు యాకూబు ఆటో తెచ్చాడు. అది నెడితే తప్ప కదలని ఆటో. వాళ్లంతా నెడుతుంటే, మంచి పనికి బయల్దేరుతున్న బండికి నేను ఎదురు రావడమెందుకని నీళ్ల ట్యాంకు వెనక్కి పోయి నిలబడ్డాను. ఆటో కదిలింది. వాళ్లు ఎక్కారు. పోయారు.

కల్వర్టు దాకా పోయాక మస్తాన్‌బీ అడిగిందట. "అక్క ఏదే?"

"ఎనకాల కూచుంది గద," అంది కోటమ్మ.

"ఎనకాల కూచున్నది దుప్పట్ల మూట!"

తిరిగొచ్చి కోటమ్మ నా మీద పడింది. "ఏడ సచ్చినవే వదినా?"

"బండికి ఎదురొస్తనేమో అని..."

"నీ శకునం పాడుగాను! గా బండి ఎక్కేది నువ్వే గదనే! నీకు నువ్వే ఎదురొస్తవా?"

నేను పోయి ఆటో ఎక్కాను. ఈసారి మూట ముందు, నేను వెనక.

హోటలుకు పోయాం. నేల ఎంత నున్నగా ఉందంటే, నా మొహం నాకే కింద నుంచి ఎదురొచ్చింది. అదొక అపశకునం. ఇక లిఫ్టు. అది మనుషుల్ని పైకీ కిందకీ తీసుకుపోయే యంత్రం అని మీరనుకుంటారు. కాదు, అది శకునాల డబ్బా. టింగుమని తలుపు తెరుచుకుంటే లోపల ఆరుగురు, అందరూ ఎటో బయల్దేరినవాళ్లే, ఆరు మొహాలూ నా వైపే! పదకొండేళ్లు ఒక్కరికీ ఎదురుపడకుండా కాపాడుకొచ్చిన నేను ఒక్క టింగుతో అరడజను మందికి ఎదురొచ్చాను. ఠక్కున గోడ వైపు తిరిగిపోయాను. మళ్లీ టింగు, మళ్లీ గోడ. నాలుగు లిఫ్టులు పోయాయి.

"గోడకు ఏం చెప్తన్నవే?" అంది కోటమ్మ.

మస్తాన్‌బీ నెత్తి కొట్టుకుంది. "అక్కా, ఆళ్లు పోయేది టిఫిన్‌కు! ఇడ్లీకి గూడ శకునమా?"

"ఇడ్లీ అయితే ఏంది? గట్టిగ వస్తే ఎవరిదే పాపం?"

ఆ సాయంత్రం హోటలు వెనక గోదావరి ఒడ్డున వేసిన స్టేజి మీద రిహార్సల్ పెట్టారు. ముగ్గురినీ పక్కపక్కన నిలబెట్టి తలా ఒక మైకు ఇచ్చారు. పాట కుదరలేదు. నేను ఎత్తేలోపే కోటమ్మ అందుకుంటుంది, కోటమ్మ అందుకునేలోపే మస్తాన్‌బీ నవ్వుతుంది. అంత దగ్గర నిలబడి మేమెప్పుడు పాడాం గనక! పండగాయన మొహం పులిసిన మజ్జిగలా అయింది. "రేపు పదింటికి మీరు లేటైనా, తడబడినా తర్వాతి వాళ్లను పిలిచేస్తం అమ్మా," అన్నాడు. కోటమ్మ గదిలోకి వచ్చి నా చేతులు పట్టుకుంది. దబాయించడం తప్ప తెలియని మనిషి, గొంతు తగ్గించి అంది. "వదినా, ఊరంత చూస్తది. రేపు పరువు నీ గొంతుల ఉన్నది."

తెల్లారింది. వాళ్లిద్దరూ గది తాళం కార్డు పట్టుకుని ముందు దిగారు. నేను మిరియాల నీళ్లు తాగి వెనక బయల్దేరాను. మా గది తలుపు నా వెనక ఠక్కున పడిపోయింది. అప్పుడు చూశాను. పక్క గదిలో దిగిన అమ్మాయి గిటారు భుజాన వేసుకుని లిఫ్టు దగ్గర నిలబడి ఉంది. మా తర్వాత పాడాల్సింది ఆ పిల్లే. గిటారును కళ్లకద్దుకుంటోంది. ఇంకో క్షణంలో ఇటు తిరిగితే, ఆ పసిదాని పాటకు నేనే ఎదురు!

వెనక్కి పోదామంటే కార్డు లేదు. పక్కన ఆ పిల్ల గది తలుపే బార్లా తెరిచి ఉంది, శుభ్రం చేసేవాళ్ల బకెట్టు అడ్డం పెట్టి. లోపల బాత్రూంలో ఎవరో ఆడమనిషి కుళాయి విప్పి తోముతోంది. నేను చటుక్కున దూరాను. లిఫ్టు పోగానే బయటికొద్దామని నా ఆలోచన. తాను దూర సందు లేదు మెడకో డోలు అంటారు కదా. నాకు దూరేందుకు సందు భేషుగ్గా దొరికింది. బయటికొచ్చే సందే లేకపోయింది.

ఎందుకంటే అడుగుల చప్పుడు వెనక్కే వస్తోంది! నేను పరదా చాటుకు, అక్కడి నుంచి గాజు తలుపు దాటి బాల్కనీలోకి. ఆ పిల్ల గదిలోకొచ్చింది. కుర్చీలో కూచుంది. గ్లాసెడు నీళ్లు తాగింది.

అదే కూచోవడం, అవే గ్లాసెడు నీళ్లు! చూసేసింది, నన్ను చూసే వెనక్కొచ్చింది అనుకున్నాను. అపరాధంతో కళ్లు మూసుకుని బాల్కనీ మూలకు ఒదిగిపోయాను. కళ్లు తెరిచేసరికి పిల్ల పోయింది. తోమే ఆమె గాజు తలుపు జరిపి, గడియ పెట్టి, పరదా లాగి, ఆమె కూడా పోయింది. తలుపు బాదాను. ఖాళీ గది ఏం పలుకుతుంది? శకునం చెప్పిన బల్లి కుడితిలో పడినట్టు, శకునానికి దాక్కున్న సైదమ్మ బాల్కనీలో పడింది. ముందు గాజు తలుపు, వెనక గోదావరి.

కింద చూస్తే స్టేజి! రెండంతస్తుల కింద, ఎదురుగా. జనం కిక్కిరిసి ఉన్నారు. మైకులో పిలుపు వినబడింది. "పెనుబల్లి నుంచి వచ్చిన అక్కలు రావాలి!" కోటమ్మా మస్తాన్‌బీ ఎక్కారు. నడుమ నా మైకు ఒంటరిగా నిలబడి ఉంది.

కొంగు విప్పి ఊపాను. నలుగురు కుర్రాళ్లు పైకి చూసి, నవ్వి, తిరిగి చేతులూపారు. ఇంకా గట్టిగా ఊపాను. ఇంకో నలభైమంది ఊపారు. ఒకతను ఫోటో కూడా తీసుకున్నాడు. ఏం మర్యాదస్తులో! కాపాడమంటే పలకరిస్తారు.

పండగాయన మైకు పట్టుకునే గడియారం చూపిస్తున్నాడు. "మూడు నిమిషాలు అయిపోయినయమ్మా. తర్వాతి వాళ్లను పిలవమంటరా?"

కోటమ్మ భయపడిపోయి మైకు పట్టుకుంది. "పిలవకుర్రి సారూ! మా వదినె బాత్రూంకు పోయింది. పొద్దుగాల ఉప్మా పడలే. జర కడుపు ఖాళీ కానియ్యుర్రి, వస్తది!"

అన్ని స్పీకర్లలోనూ వినబడింది. జనం విన్నారు, వీడియో కాల్‌లో మా ఊరు విన్నది, గోదావరి అవతలి ఒడ్డు కూడా విన్నదని నా నమ్మకం. పదకొండేళ్లు నలుగురి కంట పడకుండా బతికిన ఆడదాన్ని, నా కడుపు సంగతి మైకెక్కింది!

పిట్టగోడ పట్టుకుని అరిచాను. "కోటమ్మా! నా కడుపు బానే ఉందే!"

రేకుల షెడ్డు మీద కంకర పడింది. జనమంతా ఒక్కసారి పైకి తిరిగారు. కోటమ్మ నోరు తెరిచింది.

"నువ్వు గాడ ఏం చేస్తన్నవే?"

"తాళం పడ్డదే!"

"ఇంక నాలుగు నిమిషాలే ఉన్నయక్కా!" అని మస్తాన్‌బీ ఏడుపు గొంతుతో.

దిగే దారి లేదు. వాళ్లు ఎక్కే సమయం లేదు. పిట్టగోడ మీద చేతులానించి కిందికి చూస్తే, ఆ దూరం నాకు తెలిసిన దూరమే అనిపించింది. ఈ గట్టుకూ నాలుగో మడికీ ఉన్నంత. ఊపిరి లోపలికి లాగి ఎత్తుకున్నాను.

"మడి నిండె, మడి నిండె, రాండ్రే అమ్మలో..."

కింద నుంచి ఇద్దరూ ఒక్క గొంతుతో అందుకున్నారు.

"నారు పట్టి, నడుము వంచి, వస్తిమమ్మలో!"

కుదిరిందండీ! రిహార్సల్‌లో మొరాయించిన పాట బర్రె నీళ్లలోకి దిగినంత హాయిగా దిగింది. నేను పైనుంచి విసురుతుంటే వాళ్లు కింద పట్టుకుంటున్నారు. మూడో చరణానికి జనం రెండు ముక్కలై, సగం మంది నా వైపు, సగం మంది వాళ్ల వైపు పాడారు. అయిపోయాక చప్పట్లు ఎంతకూ ఆగలేదు. పండగాయన మైకులో, "బాల్కనీలో గాయని! ఎంత గొప్ప ఆలోచన!" అన్నాడు. కోటమ్మ వెంటనే, "అవ్ సారూ, నెల రోజుల సంది ప్రాక్టీసు," అంది. అబద్ధానికి మా కోటమ్మకు మైకే అక్కర్లేదు, ఆ రోజు మైకు కూడా ఉంది.

నన్ను విడిపించాలంటే ఆ గది కార్డు కావాలి. కార్డు ఆ గిటారు పిల్ల దగ్గర. తన పాట వేళ దగ్గరపడుతున్నా పాపం పరిగెత్తుకొచ్చింది. వెనకే కోటమ్మ, రొప్పుతూ. గాజు తలుపు తెరుచుకుంది.

"పెద్దమ్మా, మీరు నా బాల్కనీల ఏం చేస్తున్నరు?"

"నీకు ఎదురు రావద్దని దాక్కున్న బిడ్డా. మాయన లేడు. నువ్వు నన్ను చూసే గద వెనక్కొచ్చి నీళ్లు తాగినవు? నీ పాటకు ఏమన్నా అయితే..."

పిల్ల నన్ను వింతగా చూసింది. "మిమ్మల్ని నేను చూడనే లేదు. ఎవ్వరూ కనబడలేదనే వెనక్కి వచ్చిన. మా నానమ్మ ఎదురు రాకుండ నేను ఎప్పుడూ పాడనీకి పోలే. ఇయ్యాల ఆమె లేదు. ఎవరన్నా పెద్దామె కనబడ్తదేమోనని లిఫ్టు కాడ ఎంతసేపు చూసిన్నో. ఖాళీ. భయానికి గొంతు ఎండిపోయింది."

"మరి మీ తాత ఉన్నడా?"

"నేను పుట్టకముందే పోయిండంట."

నేను కోటమ్మను చూశాను. కోటమ్మ నన్ను చూసింది. ఆ చూపులో పదకొండేళ్ల తిట్లు ఉన్నాయి. చివరికి, "నిలబడ్డవేందే? ఎదురు పో!" అంది.

కారిడార్ ఆ చివరికి పోయాను. పిల్ల ఈ చివర గిటారుతో నిలబడింది. ఎదురు నడిచాను. అలవాటు తప్పింది కదా, నవ్వాలో నేల చూడాలో తెలియక, పిల్ల మొహాన్నే చూస్తూ వచ్చి సబ్బుల బండిని గుద్దుకున్నాను. చిన్న చిన్న సబ్బులు కారిడార్ నిండా దొర్లాయి. పిల్ల పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు మొహంతోనే స్టేజి ఎక్కింది. ఎలా పాడిందంటారా? ఆ రోజు అక్కడ లేనివాళ్లకు చెప్పి ఏడిపించడం ఎందుకు.

ఊళ్లోకి వచ్చేసరికి నా పేరు మారిపోయింది, "బాల్కనీ సైదమ్మ". మర్నాడు పొద్దున యాకూబు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "అక్కా, బండి స్టార్ట్ అయితలే. నువ్వు ఎదురొస్తే పని అయితాందంట గద, జల్దీ రా!" గర్వంగా పోయి ఆటోకు ఎదురొచ్చాను. కదల్లేదు. ఇంకోసారి కొంగు సర్దుకుని వచ్చాను. అది దగ్గింది కూడా లేదు. చివరికి వెనక్కి పోయి భుజం పెట్టి నెట్టాను. కదిలింది.

అందుకని ఇందుమూలంగా మీ అందరి ముందు, గోదావరి సాక్షిగా, యాకూబు ఆటో సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ గోడ చాటుకు గానీ, బర్రె చాటుకు గానీ, పరాయి బాల్కనీకి గానీ పోను. మీలో ఎవరు ఏ పనికి బయల్దేరినా నేను ఎదురే వస్తాను. పని అయితే మంచిది. కాకపోతే నన్ను అనకండి. వెనక్కి పోయి నెట్టుకోండి.