ముప్పై డిగ్రీల నీళ్ళు

మా బకెట్టుగాడికి అసలు పేరొకటి ఉండేది. ముప్పై ఏళ్ళుగా ఆ పేరుతో వాడి పెళ్ళాం కూడా పిలిచినట్టు లేదు. కాన్వెంటులో నా బెంచీ మీదే కూర్చునేవాడు. లెక్క సరిగ్గా చేసి, మదర్ కనుబొమ్మ ఎగరేయగానే చెరిపేసే రకం.

వాతావరణ ఆఫీసులో వాడి పని ఒకటే. రోజూ పొద్దున్న ఆరింటికి రేవు గట్టు చివరినుంచి కాన్వాసు బకెట్టు సముద్రంలోకి వదిలి, తోడిన నీళ్ళలో థర్మామీటర్ ముంచి, నిమిషంలోపు చదివి, పుస్తకంలో రాసి, ఆఫీసులో పెద్ద గుమాస్తాకి ఫోన్లో చెప్పడం.

"సముద్రానికి జ్వరం చూసే డాక్టరువిరా నువ్వు" అని ఏడిపించేవాణ్ణి.

"నా పేషెంటు మందు మింగదురా, ఊళ్ళు మింగుతుంది" అనేవాడు.

సముద్రం వేడెక్కితే ఆవిరి ఎక్కువ లేస్తుంది, ఆ ఏడు వానలు దంచేస్తాయి. అందుకే ఏటా వానలకి ముందు వాడి చెల్లెలు ఫోన్ చేసేది. ఆమె ఇల్లు నది ఒడ్డున, పల్లంలో. "అన్నయ్యా, ఈసారి నీళ్ళెలా ఉన్నాయి?" వాడు "వేడిగా ఉన్నాయమ్మా" అంటే మొగుడూ పెళ్ళాలు సామానుతో సహా మెరక మీద గది అద్దెకు తీసుకునేవారు. "మామూలే" అంటే కదిలేవారు కారు.

ఆ ఏడు ఇరవై ఎనిమిది ఉండాల్సిన చోట ముప్పై వచ్చింది. పెద్ద గుమాస్తా ఫోన్లో ఎగిరిపడ్డాడు.

"పాడైంది థర్మామీటరా, నీ కళ్ళా?"

"కొత్తది పెట్టి కూడా చూశానండీ."

"అయితే కళ్ళే. మళ్ళీ చూడు."

మళ్ళీ తోడాడు. ఈసారి బకెట్టు గాలికి పెట్టి సిగరెట్టు వెలిగించాడు. తడిసిన కాన్వాసు మట్టికుండ లాంటిది, గాలి తగిలితే లోపలి నీళ్ళు చల్లబడతాయి. పావుగంటకి ఇరవై ఎనిమిదిన్నర. "అదీ!" అన్నాడు గుమాస్తా. అక్కణ్ణించి నలభై రోజులు సిగరెట్టు అయ్యాకే చదివాడు.

"అబద్ధం రాయలేదురా. థర్మామీటర్ చూపించిందే రాశాను" అన్నాడు నాతో. నేను కోసే కోతల ముందు అదెంతలే అని నవ్వేశాను.

చెల్లెలు ఫోన్ చేసినప్పుడు పుస్తకం తెరిచి చూసి, "మామూలేనమ్మా" అన్నాడు.

వానలు పట్టుకున్న తొమ్మిదో రోజు మధ్యాహ్నం నది ఇంట్లోకి వచ్చింది. ఆమె డాబా ఎక్కింది. కుట్టుమిషను తెస్తానని కిందికి దిగిన భర్త మళ్ళీ పైకి రాలేదు.

"ఒక్క బకెట్టుతో ఏం మారుతుందయ్యా, మిగతా రేవుల లెక్కలు లేవా?" అని గుమాస్తా ఓదార్చాడు. ఆ మాటకి వాడు రెండు రోజులు అన్నం ముట్టలేదు.

నెల తిరిగాక నన్ను తోడు తీసుకుని చెల్లెలి దగ్గరికి వెళ్ళాడు. మెరక మీది గదిలో ఉంది. బురద పట్టిన పరుపు గోడకి ఆనించి ఉంది. వాడు నిలబడే సిగరెట్టు సంగతంతా చెప్పాడు.

"ఆఫీసుకి ఏం రాసుకున్నావో నాకెందుకు అన్నయ్యా? తోడేటప్పుడు నీళ్ళు నీ చేతికి తగల్లేదా?"

"తగిలాయి."

"వేడిగా ఉన్నాయా?"

"ఉన్నాయమ్మా."

"ఆ ముక్క నాకు చెప్పలేకపోయావా?"

వాడు నా వైపు చూశాడు. ఎవరి తరఫునైనా నిలబడి నిమిషంలో కథ అల్లగలను నేను. ఆ రోజు గోడకి ఆనించిన పరుపు వైపు తిరిగాను.

ఆమె లేచి తలుపు బార్లా తీసింది. "బస్సు టైమవుతోంది, వెళ్ళండి" అంది.

బస్సుకి ఇంకా రెండు గంటలుంది.