ఏడో నంబరులో పూడ్చని గుంట

మా రిసార్టులోని గోల్ఫ్ మైదానానికి పద్దెనిమిది గుంటలు. అవి రోజూ ఒకే చోట ఉండవన్న సంగతి ఆడనివాళ్ళకి తెలియదు. ఆడేవాళ్ళు కూడా, వాటిని ఎవరో ఒక మనిషి మారుస్తాడని ఆలోచించరు. పొద్దున వచ్చేసరికి జెండా కొత్త చోట ఉంటుంది. పొద్దు పొడవడం ఎలాగో అదీ అలాగే అనుకుంటారు.

ఆ మనిషిని మేమంతా గుంటల బాబాయ్ అనేవాళ్ళం.

నేను ముందు హాల్లో బుకింగు బల్ల దగ్గర ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. చలిదేశాల నుంచి వచ్చేవాళ్ళ పేర్లు రాసుకోవడం, మనిషంత పొడుగు గోల్ఫ్ కర్రల సంచులు వ్యాన్లోంచి దింపించడం, ఎవరు ఎన్ని గంటలకు ఆట మొదలుపెట్టాలో చెప్పడం నా పని. నేను తలుపు తీసే వేళకి బాబాయ్ సగం పని ముగించి ఉండేవాడు. కిటికీలోంచి చూస్తే దూరంగా మంచులో వంగిన వీపొకటి, పక్కన చిన్న బ్యాటరీ బండి కనిపించేవి.

జెండా పాతే చోట పచ్చికను చాప కన్నా నున్నగా కత్తిరిస్తారు. రోజూ ఒకే గుంట చుట్టూ వందమంది తొక్కితే ఆ పచ్చిక చచ్చిపోతుంది. అందుకని ఏ రోజుకారోజు గుంట మార్చాలి. గొట్టంలాంటి కత్తిని రెండు చేతులతో తిప్పుతూ నేలలోకి దించితే, మట్టీ గడ్డీ కలిసి జానెడు దిమ్మె పైకొస్తుంది. పాత గుంటలోని తెల్లడబ్బాను కొక్కెంతో లాగి కొత్త దాంట్లో దించాలి. ఆ దిమ్మెను పాత గుంటలో కూర్చి, మడమతో అదిమి, చెంబుడు నీళ్ళు పోయాలి. బాబాయ్ పూడిస్తే నిన్న అక్కడ గుంట ఉండేదని ఆయనకే గుర్తుండేది కాదు.

వ్యాను డ్రైవరు ఆయన్ని ఊరికే ఉండనిచ్చేవాడు కాదు.

"రోడ్డు మీద గుంటలు పూడ్చమని జనం మొత్తుకుంటుంటే నీకు తవ్వినందుకు జీతమా బాబాయ్! పెట్టిపుట్టావు."

"తవ్వినందుకు కాదురా, పూడ్చినందుకు. తవ్వడం ఎవడైనా తవ్వుతాడు."

ఆయన భార్య మా లాండ్రీలోనే పనిచేసేది. నీలం యూనిఫారం వేసుకుని, దుప్పట్ల బండి తోసుకుంటూ వెళ్ళేది. పిల్లలు లేరు. ఇద్దరూ ఒకే బస్సులో వచ్చి ఒకే బస్సులో వెళ్ళేవారు. ఒక వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. తొమ్మిదో రోజున పోయింది.

తర్వాత ఆయన బస్సుల షెడ్డు వెనక ఆ రెండు గదుల్లో ఒక్కడే ఉన్నాడు. మధ్యాహ్నం ఇంటికెళ్ళి రేడియో పెట్టుకునేవాడట. వార్తలు చదువుతుంటే తనకు తెలియకుండానే "ఊఁ, ఊఁ" అనేవాడట. ఒకరోజు పక్కింటావిడ గోడ మీంచి చూసి, "ఎవరొచ్చారన్నయ్యా?" అని అడిగింది. ఆ సంగతి నాకు చెప్పి నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"మైదానంలో కూడా ఒక్కడివే కదా బాబాయ్" అన్నాను.

"అక్కడ వేరమ్మాయ్. అక్కడ పద్దెనిమిది మంది నా కోసం చూస్తుంటారు."

పొద్దున మైదానంలో గడిపే ఆ మూడు గంటలే ఆయనకు మిగిలినవి. అవి కూడా జారిపోయే ప్రమాదం వచ్చింది. భార్య పోయాక ఆయన చేత రెండు తప్పులు జరిగాయి. ఒకసారి కత్తిని పచ్చిక మీదే మరిచి వచ్చాడు. ఇంకోసారి డబ్బా సరిగా దించక అంచు పైకి తేలితే, లోపలికి వెళ్ళాల్సిన బంతులు ఎగిరిపడ్డాయి. సూపర్‌వైజరు ఆయన కొడుకు వయసువాడు, చెడ్డవాడేం కాదు. నా బల్ల ముందే నిలబెట్టి అన్నాడు:

"బాబాయ్, మీ బాధ నాకు తెలుసు. కానీ మూడోసారి ఏదైనా జరిగితే స్టోరుకి పంపేస్తాను. ఎరువు బస్తాల దగ్గర కూర్చోండి హాయిగా."

స్టోరుకు కిటికీ లేదు. బాబాయ్ "అలాగే సార్" అన్నాడు.

ఆ చలికాలం పళ్ళ డాక్టరు వచ్చాడు. ఏటా వచ్చేవాడు. మొదట్లో నలుగురు స్నేహితులు కలిసి వచ్చేవారు. ఒకరు మోకాళ్ళ నొప్పులతో మానేశారు, ఇంకో ఇద్దరు అసలు లేకుండానే పోయారు. ఈసారి తోడుగా బావమరిదిని లాక్కొచ్చాడు. ఆ మనిషి నోట్లో నువ్వుగింజ నానదు. పేర్లు రాసుకుంటుంటే అందుకున్నాడు:

"అమ్మా, మా బావ నలభై ఏళ్ళుగా ఆడుతున్నాడు. ఒక్క దెబ్బకి గుంటలో పడ్డ బంతి ఒక్కటంటే ఒక్కటి లేదు. లోకంలో ఇన్ని పళ్ళు పీకాడు కదా, ఆ ఉసురు తగిలింది."

"నువ్వు నోరు మూసుకో. నీ పన్ను కూడా పీకగలను" అన్నాడు డాక్టరు.

ఒక్క దెబ్బకి బంతి గుంటలో పడితే ఆ పేరు మా హాల్లోని చెక్కబోర్డు మీద బంగారు అక్షరాలతో రాయిస్తారు. డాక్టరు వచ్చిన ప్రతిసారీ ఆ బోర్డు ముందు కాసేపు నిలబడేవాడు. అది చూసి నేను తల దించుకుని ఏవో కాగితాలు సర్దుకునేదాన్ని.

మూడో రోజు పొద్దున మొదటి ఆట వాళ్ళిద్దరిదే. వాళ్ళు ఏడో నంబరు దగ్గరికి చేరే వేళకి బాబాయ్ పద్దెనిమిదో గుంట ముగించి బండి ఎక్కబోతున్నాడు. బండి వెనక దిమ్మెలు పెట్టే పళ్ళెంలో ఒక మట్టి దిమ్మె కనిపించింది. అన్నీ పూడ్చాక పళ్ళెం ఖాళీగా ఉండాలి. తీసి చూశాడు. మట్టి ఎర్రగా ఉంది. ఎర్రమట్టి కలిపింది ఒక్క ఏడో నంబరుకే.

ఎలా మరిచాడో అప్పుడు గుర్తొచ్చింది. ఏడో నంబరులో దిమ్మె చేతిలో పట్టుకుని ఉండగా, వెనక బాట మీద లాండ్రీ బండి వెళ్ళింది. దాన్ని తోసుకెళ్తున్న నీలం యూనిఫారం మలుపు తిరిగేదాకా చూశాడు. దిమ్మెను పళ్ళెంలో పెట్టి, బండెక్కి, ఎనిమిదో నంబరుకి వెళ్ళిపోయాడు.

బండి వెనక్కి తిప్పాడు. అడ్డదారిన పోనిచ్చాడు.

ఏడో నంబరు ఆట పొట్టిది. చెరువుకు అవతలి నుంచి కొడితే బంతి ఇవతలి పచ్చిక మీద పడాలి. బాబాయ్ వెనక పొదల దగ్గర బండి దిగేసరికి బంతి గాల్లో ఉంది. అది పచ్చిక మీద పడి, వాలు వెంట మెల్లగా దొర్లి, జెండాకు పదడుగుల ఇవతల ఉన్న పూడ్చని గుంటలో మాయమైంది.

అంత దూరం నుంచి చూస్తే జెండా మొదట్లోనే పడ్డట్టుంటుంది. చెరువు అవతల కేకలు.

"బావా, పోయింది!"

"ఎక్కడికి? నీళ్ళలోకా?"

"లోపలికి! లోపలికే బావా! ఓరి నాయనో!"

చెరువు చుట్టూ నడిచి రావడానికి ఐదు నిమిషాలు పడుతుంది. మధ్యలో పొదలడ్డం, ఏమీ కనిపించదు. బాబాయ్ ఆలోచించలేదు. ఆలోచించే మనిషైతే ఆ పని చేసేవాడు కాదేమో. జెండా పీకాడు. తెల్లడబ్బా లాగాడు. మట్టిగుంటలోంచి బంతి తీశాడు. డబ్బాను అందులో దించి, బంతిని తుడిచి మళ్ళీ లోపల వేసి, జెండా పాతాడు. పొద్దున తవ్విన కొత్త గుంటలో దిమ్మె కూర్చి మడమతో అదిమాడు. చెంబులో నీళ్ళు పోస్తుండగా వాళ్ళు మెట్లెక్కి వచ్చారు.

డాక్టరు గుంటలోకి తొంగి చూశాడు. ఎంతసేపటికీ బంతి తియ్యలేదు. తీశాక, అక్కడ నిలబడ్డ బాబాయ్‌ను గట్టిగా కౌగిలించుకున్నాడు.

"చూశావా పెద్దాయనా? నువ్వు చూశావుగా?"

"చూశానండి" అన్నాడు బాబాయ్. అదొక్కటే నిజం.

ఆ మధ్యాహ్నం హాల్లో అందరికీ డాక్టరే నిమ్మరసం పోయించాడు. సూపర్‌వైజరు బాబాయ్ భుజం తట్టి, "బాబాయ్ చెయ్యి అలాంటిది" అన్నాడు. ఫోటో తీశారు. డాక్టరు పక్కన బాబాయ్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఆ పోలిక నాకు తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం సిగ్గనుకున్నాను.

బోర్డు మీద పేరెక్కాలంటే ఒక ఫారం నింపాలి. ఆడినవాడి సంతకం, తోటివాడి సంతకం, రిసార్టు తరఫున కళ్ళారా చూసినవాడి సంతకం కావాలి. డాక్టరు అన్నీ ఒకేసారి చేద్దామన్నాడు. నేను పెన్ను బాబాయ్ ముందు పెట్టాను.

"చేతులు మట్టమ్మాయ్. రేపు చేస్తాలే."

చేతులు శుభ్రంగా ఉన్నాయి.

మర్నాడు తెల్లవారుతుండగా బాబాయ్ ఏడో నంబరుకి వెళ్ళేసరికి డాక్టరు అక్కడే ఉన్నాడు. కాళ్ళకు గది చెప్పులు, భుజం మీద తువ్వాలు. అక్కడ ఏం జరిగిందో బాబాయ్ నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు.

"నువ్వు మార్చేలోపు ఇంకోసారి చూద్దామని వచ్చాను" అన్నాడు డాక్టరు. "ఇంటికి ఫోన్ చేసి చెబుదామనుకుంటే, ఈ సంగతి విని సంతోషించేవాళ్ళెవరూ మిగల్లేదయ్యా. మా నలుగుర్లో ఉన్న ఒక్కడికీ చెవుడు. 'ఏం పడింది? ఎవరు పడ్డారు?' అంటాడు."

బాబాయ్ కత్తి కింద పెట్టాడు.

"డాక్టరు గారూ, మీ బంతి పడింది ఇందులోనే. కానీ అప్పుడు జెండా ఇక్కడ లేదు. అదిగో, అక్కడుంది. ఇది నేను పూడ్చడం మరిచిన పాత గుంట. మీరు నడిచొచ్చేలోపు మార్చేశాను."

డాక్టరు మొదట నవ్వాడు. తర్వాత పదడుగుల అవతల ఉన్న దిమ్మె అతుకును చూశాడు. అక్కడికి వెళ్ళి చెప్పు కొనతో తాకాడు.

"నా బంతిని నువ్వు ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నానండి. తుడిచాను కూడా."

"ఎందుకు చేశావీ పని? నా మీద జాలిపడా?"

"కాదండీ. నా పని పోతుందని."

డాక్టరు బండి అంచు మీద కూర్చున్నాడు. చెరువు వైపు చూస్తూ అన్నాడు:

"చెప్పకుండా ఉంటే ఏం పోయేది? నేను చచ్చేదాకా సంతోషంగా ఉండేవాణ్ణిగా."

బాబాయ్ కింద పెట్టిన కత్తి తీసి దాని మట్టి తుడవసాగాడు. తర్వాత డాక్టరు, ఎవరితోనో కానట్టుగా, తన మాట ఎత్తాడు. చాలాకాలం కిందట ఒకాయనకు పుచ్చిన పన్ను వదిలేసి పక్కన ఉన్న మంచి పన్ను పీకేశాడట. "అదీ పాడైంది, ఇదీ పాడైంది" అని చెప్పి రెండూ తీసేశాడు. ఆయన మరుసటి వారం బుట్టెడు ఆపిల్స్ తెచ్చి దణ్ణం పెట్టాడు.

"తిన్నారా?" అని అడిగాడు బాబాయ్.

"తిన్నాను. ఏం చెయ్యమంటావు? పారేస్తే మా ఆవిడ ఎందుకని అడుగుతుందిగా."

"ఎవరికైనా చెప్పారా?"

"ఇదిగో, ఇప్పుడు నీకు."

ఆ పొద్దున్నే డాక్టరు నా బల్ల దగ్గరికొచ్చి ఫారం అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"నా పేరు రాయించకండమ్మా. అది లెక్కలోకి రాదు."

బావమరిది వెనకే పరుగెత్తుకొచ్చాడు.

"పిచ్చి గాని పట్టిందా బావా? గుంటలో పడ్డ బంతి గుంటలో పడ్డట్టే! కుండలో పడలేదుగా!"

డాక్టరు ఎవరి పేరూ చెప్పలేదు. బాబాయ్ కూడా చెప్పకపోతే ఆయనకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. కానీ గంట తిరక్కుండా బాబాయ్ తనే సూపర్‌వైజరు గదికి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది, నాకు అన్నీ వినిపించాయి. సూపర్‌వైజరు కోపంతో కాదు, విసుగుతో తల పట్టుకున్నాడు.

"ఎవరూ చూడలేదు. ఆయన కూడా నోరు విప్పలేదు. మరి నాకెందుకు చెప్పారు బాబాయ్? ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేరండి. లోపల పెట్టుకుని ఒక్క రాత్రి ఉన్నాను. రెండో రాత్రి ఉండలేను."

అన్నమాట ప్రకారం ఆయన్ని స్టోరుకు పంపారు. కొత్తగా ఒక కుర్రవాణ్ణి పెట్టారు. మొదటి నెలంతా పచ్చిక మీద పాత గుంటల మచ్చలు నాణేల్లా కనిపించేవి. బాబాయ్ అటువైపు చూడకుండా వెనక గేటు నుంచి స్టోరుకి వెళ్ళేవాడు. పొద్దుటి మూడు గంటలు కూడా ఇంటి గదుల్లాగే అయిపోయాయి. వ్యాను డ్రైవరు కూడా వేళాకోళం మానేశాడు. దానికే ఆయన ఎక్కువ బాధపడ్డాడని నా అనుమానం.

మరుసటి చలికాలం వచ్చి బుకింగులు మొదలయ్యాక, ఒక సాయంత్రం కనుబొమల మీద తెల్లటి ఎరువు దుమ్ముతో బల్ల దగ్గరికొచ్చి అడిగాడు:

"అమ్మాయ్, పళ్ళ డాక్టరు గారి పేరేమన్నా వచ్చిందా?"

వెతికి, "లేదు బాబాయ్" అన్నాను.

ఆ ఏడు రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. బాబాయ్ వారానికోసారి అడుగుతూనే ఉన్నాడు. మూడో ఏడు ఉండబట్టలేక అనేశాను.

"ఇంక రాడేమో బాబాయ్. ఇక్కడికి రావాలంటే మనసెలా ఒప్పుతుంది ఆయనకి?"

బాబాయ్ నొచ్చుకోలేదు. కనుబొమల మీది దుమ్ము వేలితో తుడుచుకున్నాడు.

"రాకపోతే రానీలే. ఎక్కడో ఒకచోట ఉంటాడుగా, నేనేం చేశానో తెలిసినాయన. ఉన్నాడో లేడోనని, అంతే."

బస్సు వేళైందని గొడుగు తీసుకుని వెళ్ళాడు. నేను కంప్యూటర్లో ఆ పేరు మళ్ళీ కొట్టి చూశాను. లేదు.